జీడిమరక

పలాస జీడిపప్పు రుచి శ్రోతలెల్లరు నెరుగుదురు. జీడిపిక్క తొక్కలోని నూనె సంగతి మాత్రము పిక్కలు కొట్టు టెక్కలి, ఉద్దానపు స్త్రీల చేతులనే అడుగవలెను. చర్మము బొబ్బలెక్కును, చీర నల్లబడును. గాలి తగిలినకొలది ఈ నూనె గట్టిపడి నారలో పాతుకొనును. ఒకప్పుడు రజకులు బట్టలకు చెరగని గుర్తులు పెట్టిన నల్లజీడియు ఈ కుటుంబములోనిదే.

నీరు దీనిని కరగింపదు. కావున మరక పచ్చిగా నుండగనే క్రింద పాతగుడ్డ పరచి, అంచునుండి నడుమకు కిరసనాయిలుతో అద్ది, పిదప సబ్బుతో ఉతుకవలెను. పొయ్యి దరిదాపుల ఈ పని కూడదు. గచ్చుపై పడినచో బూడిద చల్లి, అది నూనెను పీల్చిన పిదప ఊడ్చి, బట్టలసోడా కలిపిన వేడినీటితో కడుగవలెను. చేతులకు పనికి ముందే కొబ్బరినూనె పట్టించుట మేలు. ఉద్దానమున దానికి కొదువ లేదు గదా! ఎండి నల్లబడిన మరకకు మాత్రము మేమెరిగిన మందు లేదు. ఆ చీరను పనిచీరగా నుంచుకొనవలసినదే.