స్కోప్ రైఫిల్‌కి బోర్‌సైటర్ కొంటున్నారా? లేజర్ చుక్కను నమ్మే ముందు ఇవి తెలుసుకోండి..

అమెరికాలో జింకల వేట సీజన్ వస్తోందంటే చాలు.. షూటింగ్ రేంజ్‌ల దగ్గర సందడి మొదలవుతుంది. కొత్త స్కోప్ బిగించి, గురి చూసి కాలిస్తే 100 గజాల దూరంలోని కాగితం మీద ఒక్క చిల్లు కూడా పడదు! తూటా ఎటు పోయిందో తెలియదు. మళ్లీ మళ్లీ కాలిస్తే తూటాల డబ్బా ఖాళీ. ఈ తిప్పలు తప్పించేదే బోర్‌సైటర్. మరి ఏది కొనాలి? అసలు కొనాల్సిన అవసరం ఉందా?

ఇంతకీ ఇదేం చేస్తుంది?

స్కోప్ సాధారణంగా బ్యారెల్‌కి ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది. అంటే మన కన్ను చూసే దారి వేరు, తూటా వెళ్లే దారి వేరు. బ్యారెల్ ఎటు చూస్తోందో బోర్‌సైటర్ చూపిస్తుంది. దాన్ని బట్టి స్కోప్‌ను సర్దుకోవాలి.

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. లేజర్ కాంతి నేరుగా వెళ్తుంది. తూటా మాత్రం బయటకు రాగానే భూమ్యాకర్షణకు కిందికి దిగుతూ ఉంటుంది. కాబట్టి బోర్‌సైటర్ పని తూటాను కాగితం మీదకు తేవడం వరకే. అసలు గురి కుదరాలంటే.. అంటే 'జీరో' చేయాలంటే కాల్చి చూడాల్సిందే.

ఎన్ని రకాలు?

* ఖర్చు లేనిది: మీది బోల్ట్ యాక్షన్ రైఫిలా? బోల్ట్ తీసేసి, రైఫిల్‌ను కదలకుండా పెట్టి, వెనక నుంచి బ్యారెల్‌లోంచి 25 గజాల దూరంలోని టార్గెట్‌ను చూడండి. అది సరిగ్గా మధ్యలో కనిపించాక, రైఫిల్ కదపకుండా స్కోప్ గీతలను అక్కడికే తెచ్చుకోండి. అంతే!

* ఛాంబర్ లేజర్: తూటా ఆకారంలో ఉంటుంది, తూటా ఉండే చోటే కూర్చుంటుంది. బ్యారెల్‌లోంచి చూసే వీలులేని సెమీ ఆటోమేటిక్, లివర్ యాక్షన్ రైఫిళ్లకు ఇది పనికొస్తుంది. కానీ మీ క్యాలిబర్‌కి సరిపోయేదే కొనాలి. .223కి కొన్నది .308కి పనికిరాదు.

* మజిల్ లేజర్: బ్యారెల్ మూతి దగ్గర కడ్డీతో గానీ, అయస్కాంతంతో గానీ బిగుస్తుంది. ఇంట్లో రెండు, మూడు క్యాలిబర్ల రైఫిళ్లు ఉంటే ఇదే చవక.

* ఆప్టికల్ రకం: లేజర్ ఉండదు. ఇదీ మూతి దగ్గరే బిగుస్తుంది. స్కోప్‌లోంచి చూస్తే గళ్లు కనిపిస్తాయి. జీరో చేశాక స్కోప్ గీతలు ఏ గడి మీద ఉన్నాయో రాసిపెట్టుకుంటే, ప్రయాణంలో స్కోప్‌కి దెబ్బ తగిలినా ఇంట్లోనే చెక్ చేసుకోవచ్చు.

ఎరుపా? ఆకుపచ్చా?

పగటి వెలుగులో ఆకుపచ్చ లేజర్ బాగా కనిపిస్తుంది. ఎరుపైతే సాయంత్రమో, నీడలోనో చూసుకోవాలి. ఏది కొన్నా ఈ చిన్న టెస్ట్ చేయండి. రైఫిల్‌ను కదలకుండా పెట్టి, టూల్‌ను పావు చుట్టు చొప్పున తిప్పండి. చుక్క ఒకేచోట ఉంటే ఓకే. గుండ్రంగా తిరుగుతోందంటే లేజర్ సరిగ్గా అమరలేదన్నమాట.. వెనక్కి ఇచ్చేయడమే మంచిది.

ఆ తర్వాత రేంజ్‌లో..

ముందు 25 గజాల దగ్గర కాల్చండి, తర్వాత 100 గజాలకు వెళ్లండి. చాలా స్కోప్‌లలో ఒక్క క్లిక్ అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, 25 గజాల దగ్గర అంగుళంలో 16వ వంతు. అంటే 2 అంగుళాలు పక్కకు పడితే 100 గజాల దగ్గర 8 క్లిక్‌లు, 25 గజాల దగ్గర 32 క్లిక్‌లు తిప్పాలి.

ఇది మాత్రం మర్చిపోవద్దు!

మూతి దగ్గర టూల్ ఉండగా కాలిస్తే బ్యారెల్ పేలిపోవచ్చు. పక్కన ఉన్నవాళ్ల ప్రాణాలకూ ముప్పే. టూల్ పెట్టే ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూడండి. ఆ గదిలో అసలు తూటాలే ఉంచొద్దు. కాల్చే ముందు టూల్ మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేజర్‌ను ఎవరి కళ్లలోకీ వేయొద్దు.

మనవాళ్లకు ఇంకో మాట

అమెరికాలో హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాలపై ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తోంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. కాబట్టి టూల్ కంటే ముందు ఆ సంగతి చూసుకోండి. మన దేశంలో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం.

చివరిగా ఒక్క విషయం. చుక్క టార్గెట్ మీద పడింది కదా అని నేరుగా అడవికి వెళ్లొద్దు. గురి నాలుగు అంగుళాలు తప్పితే కాగితానికి ఏమీ కాదు.. జింక మాత్రం గాయంతో పారిపోయి ఎక్కడో నరకయాతన పడి చస్తుంది. రేంజ్‌లో కాల్చి చూసుకున్నాకే బయల్దేరండి.