ఎముక బయటికొచ్చేసింది... కాలు ఉంటుందా డాక్టర్ గారూ?

బైక్ యాక్సిడెంట్ అయిన కుర్రాణ్ని తీసుకొచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. ఈరోజు ఎపిసోడ్ దాని గురించే.

ముందుగా ఒకటి చేయండి. మోకాలి కింద ముందువైపు వేలితో నొక్కి చూడండి. చర్మం, దాని కిందే ఎముక. మధ్యలో కండ లేదు. ఆ ఎముకే టిబియా. అందుకే అది విరిగితే తేలిగ్గా చర్మం చీల్చుకుని బయటికొచ్చేస్తుంది. దీన్ని ఓపెన్ ఫ్రాక్చర్ అంటాం. ఇందులో మేం బాగా భయపడేది ఇన్‌ఫెక్షన్‌కి. రోడ్డు మీద మట్టంతా లోపలికి పోతుంది కదా. ఎముకలో చీము పట్టిందంటే నెలలు, ఒక్కోసారి ఏళ్లు వేధిస్తుంది.

అక్కడ మీరుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టండి. కాలు కదలకుండా అట్టముక్కో కర్రో ఆనించి కట్టండి. బయటికొచ్చిన ఎముకని లోపలికి తోయొద్దు. పసుపు, కాఫీ పొడి అస్సలు వేయొద్దు. "పుత్తూరు కట్టు కట్టిస్తాం సార్" అని ఇప్పటికీ అంటుంటారు. చర్మం చిరిగిన ఫ్రాక్చర్‌ని కడగకుండా కట్టు కట్టి మూసేస్తే లోపల కుళ్లుతుందండీ.

ఇక కాలు ఉంటుందా అంటే, ముందు మేం పాదాన్ని చూస్తాం. వెచ్చగా ఉందా, నాడి తగులుతోందా అని. పెద్ద రక్తనాళం తెగితే దాదాపు 6 గంటల్లోపు రక్తం మళ్లీ అందాలి. దూరం వెళ్లి టైమ్ పోగొట్టుకునేది ఇక్కడే.

ఆసుపత్రిలో వీలైతే గంటలోపే యాంటీబయాటిక్, టీటీ ఇంజెక్షన్ పడాలి. తర్వాత థియేటర్‌లో లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడిగి, చచ్చిపోయిన కండ తీసేస్తాం. గాయం శుభ్రంగా ఉంటే అప్పుడే లోపల రాడ్ వేయొచ్చు. మురికి ఎక్కువుంటే ముందు బయటి నుంచి పిన్నులు దించి, రాడ్డుతో బిగిస్తాం. ఎముక మీద చర్మం లేకపోతే ప్లాస్టిక్ సర్జన్ వేరేచోటి కండ తెచ్చి కప్పుతారు. "మూడు ఆపరేషన్లు చేశారు, ఏదో తప్పు జరిగింది" అనుకోకండి. చాలాసార్లు ముందే అనుకున్న వరస అది.

ఒక్క జాగ్రత్త. నొప్పి మందులకీ తగ్గకుండా పెరుగుతూ, వేళ్లు కదిలిస్తే ప్రాణం పోతున్నట్టుంటే "పొద్దున చూద్దాం" అనుకోకండి, నర్సుని పిలవండి. పిక్కలో ఒత్తిడి పెరిగితే గంటల్లోనే కండ చచ్చిపోతుంది.

మరి ఎముక ముక్కే పోతే? వాలెరీ బ్రుమెల్ అని సోవియట్ హైజంపర్ ఉండేవాడు. 1963లో 2.28 మీటర్ల ప్రపంచ రికార్డు, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో గోల్డ్. 1965లో బైక్ యాక్సిడెంట్‌లో కాలు నుజ్జయింది. ఎన్నో ఆపరేషన్లు జరిగినా అతకలేదు. చివరికి సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజారోవ్ అనే డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. కాలి చుట్టూ రింగులు, ఎముకలోంచి సన్నటి వైర్లు, అదీ ఆయన పద్ధతి. మంచిగా ఉన్నచోట ఎముకని కోసి, పావు మిల్లీమీటర్ చొప్పున రోజుకి నాలుగుసార్లు, అంటే మొత్తం ఒక మిల్లీమీటర్ జరుపుతారు. వెనక ఖాళీలో కొత్త ఎముక పుడుతుంది! 5 సెంటీమీటర్ల లోటుంటే జరపడానికే 50 రోజులు. గట్టిపడడానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది. బ్రుమెల్ మళ్లీ 2 మీటర్ల పైన ఎగిరాడు. ఒలింపిక్స్‌కి మాత్రం మళ్లీ వెళ్లలేదు, అదీ చెప్పాలి కదా.

ఆ రింగులే ఇప్పుడు మన దగ్గరా వేస్తున్నాం. వేయించుకున్నవాళ్లు సిగరెట్ మానేయాలి, నికోటిన్ వల్ల ఎముక అతకడం ఆలస్యమవుతుంది. రింగులుండగా స్నానం ఎలా, పిన్నుల దగ్గర ఎలా తుడవాలి అని చాలామంది అడుగుతున్నారు. వచ్చే ఎపిసోడ్‌లో చేసి చూపిస్తాను.