చారన్నమే పథ్యమా?

జబ్బుపడి లేచినవాళ్ళకు పథ్యమంటే మనకు ఠక్కున గుర్తుకొచ్చేది చారన్నం. జ్వరం తగ్గినవాళ్ళకు అది మంచిదే. కాని నోటికో గొంతుకో క్యాన్సర్ వచ్చి, కరెంటు పెట్టించుకుని ఇంటికి వచ్చినవాళ్ళకు ఆ చారన్నమే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. ఎందుకో చూద్దాం.

మనం మింగినప్పుడల్లా ఊపిరిగొట్టం లిప్తపాటు మూసుకుంటుంది. రేడియేషన్ వల్ల నోట్లో లాలాజలం తగ్గి, గొంతు కండరాలు బిగుసుకుపోతే, ఆ మూత వేళకు పడదు. నీళ్ళు, పల్చటి మజ్జిగ, చారు జర్రున జారేవి గనుక ఈలోగానే ఊపిరిగొట్టంలోకి దిగిపోవచ్చు. చారన్నంతో తంటా మరీ ఎక్కువ. చారు ముందు పోతుంది, మెతుకులు వెనక మిగులుతాయి. రెంటినీ ఒకేసారి సంబాళించుకోవడం దెబ్బతిన్న గొంతుకు కష్టం.

తాగుతుంటే పొలమారడం, తిన్నాక గొంతు గురగురలాడడం, మాటిమాటికీ జ్వరం రావడం, మనిషి చిక్కిపోవడం - వీటిని తేలిగ్గా తీసుకోకండి. ఊపిరితిత్తులకు నిమ్ము చేయవచ్చు. కొందరికి పొలమారకుండానే లోపలికి దిగుతుంది. అందుకే చికిత్స గుంటూరు పెద్దాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ కేంద్రంలో జరిగినా, మరోచోట జరిగినా, స్పీచ్ థెరపిస్టుకు చూపించమని డాక్టరుగారిని అడగండి. పేరుకు మాటల వైద్యమే గాని, మింగడం పరీక్షించి నేర్పేదీ వాళ్ళే.

పల్చటివి పడనివాళ్ళకు ముద్దపప్పు, నెయ్యి వేసి మెత్తగా మెదిపిన అన్నం, ఉండకట్టని చిక్కటి రాగిజావ, చిలికిన గట్టి పెరుగు, అరటిపండు గుజ్జు అనువుగా ఉంటాయి. అయితే నోరు బాగా ఎండిపోయినవాళ్ళకూ, గొంతు దారి సన్నబడినవాళ్ళకూ చిక్కటివే అడ్డుపడతాయి. కనుక ఏది ఎంత చిక్కగా ఉండాలో పరీక్ష చేసినవాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. నోటిపూత మానేదాకా ఆవకాయ, గోంగూర పచ్చడి దూరంగా ఉంచండి.

పడుకోబెట్టి తాగించకండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద పూర్తిగా దిగాకే రెండోది ఇవ్వండి. తినేటప్పుడు మాటల్లో పెట్టకండి. తిన్నాక అరగంట సేపు పడుకోనివ్వకండి. నేర్పిన కసరత్తులు రోజూ చేయించండి, వాడకపోతే కండరాలు ఇంకా బలహీనపడతాయి.

మరొక్క మాట. పళ్ళెం తోసేస్తే మొండితనమనుకుని కసురుకోకండి. నలుగురిలో పొలమారుతుందన్న భయంతో ఆకలి చంపుకునేవాళ్ళు ఉంటారు. ఈ ఇబ్బంది కొందరికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది, చికిత్స ముగిసిన చాలా కాలానికి మొదలయ్యేదీ ఉంది. వంటలో నేర్పుతోపాటు మీ ఓపిక కూడా వాళ్ళకు పథ్యమే.