మోకాలి కీలును అతికించే శస్త్రచికిత్స: ఎవరికి, ఎందుకు?

కొబ్బరిచెట్టు ఎక్కాలన్నా, వరిచేలో ఊడ్పుకు దిగాలన్నా, లంక గ్రామం నుండి పడవలో రేవు దాటాలన్నా కోనసీమ వాసులకు మోకాలి బలమే ఆధారం. అటువంటి మోకాలు చెడిపోయినప్పుడు శస్త్రవైద్యులు “కీలును ఇక వంగకుండా అతికించివేయాలి” అంటే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. “ఏదైనా తైలమిచ్చి ఆ ఆపరేషను తప్పించండి” అని నన్ను అడిగినవారు కలరు. వారికి నేను చెప్పే సమాధానమే ఈ వ్యాసం.

సుశ్రుతాచార్యులు జానుమర్మమును వైకల్యకర మర్మములలో చేర్చారు. అనగా అది దెబ్బతిన్నచో ప్రాణహాని లేకున్నా కుంటితనం మిగులుతుంది. నక్క తలవలె ఉబ్బి, తీవ్రమైన బాధ కలిగించే మోకాలి వాపును క్రోష్టుకశీర్షమని ప్రత్యేకంగా పేర్కొన్నారు. మోకాలి వాపులన్నీ ఒకటి కావని దీనివలన తెలుస్తున్నది. అన్నిటినీ “వాతం నొప్పులు” అని ఒకే గాటన కట్టి తైలమర్దనం చేయడం పొరపాటు. ఆ పొరపాటు నేనూ చేశాను.

1990 దశకం ఆరంభంలో, వైద్యవృత్తిలో నాకు కొద్ది ఏండ్ల అనుభవమే ఉన్న రోజులలో, రాజోలు ప్రాంతపు లంక నుండి ఒక కొబ్బరి దింపు కార్మికుడు వచ్చాడు. మోకాలు వాచి, తొడ కండ సన్నగిల్లి ఉన్నది. మహానారాయణ తైలం, యోగరాజ గుగ్గులు ఇచ్చి రెండు నెలలు గడిపాను. సాయంకాలం జ్వరం వస్తున్నదా, రాత్రి నొప్పితో ఉలిక్కిపడి లేస్తున్నాడా అని నేను అడగలేదు, అతడు చెప్పలేదు. చివరకు కీలు ప్రక్కన పుండుపడి చీము కారింది. కాకినాడ పంపగా అది ఎముకల క్షయ అని తేలింది. మందులతో వ్యాధి అణగినది గాని, కీలు అప్పటికే నశించింది. దానిని అతికించక తప్పలేదు. ఆ రెండు నెలలు వృథా కాకుండా ఉంటే కీలు దక్కేదేమో అన్న బాధ నాకు నేటికీ ఉన్నది.

ఏమి చేస్తారు?

ఈ చికిత్సను ఆర్థ్రోడెసిస్ అంటారు. 1878లో ఆస్ట్రియా వైద్యుడు ఎడ్వర్డ్ ఆల్బర్ట్ పోలియో సోకిన మోకాలికి దీనిని చేశారు. చెడిన మృదులాస్థిని తొలగించి, తొడ ఎముక చివరను, క్రింది కాలి ఎముక చివరను చదునుచేసి ఒకదానికొకటి గట్టిగా అదిమి ఉంచుతారు. లోపల పొడవైన కడ్డీతో గాని, పలకలతో గాని, బయటి చట్రంతో గాని బిగిస్తారు. విరిగిన ఎముక అతికినట్లే కొన్ని నెలలలో రెండూ ఒకే ఎముకగా మారతాయి. నడిచేటప్పుడు పాదం నేలకు తగలకుండా కాలిని స్వల్పమైన వంపుతో నిలుపుతారు.

ఎవరికి?

పూర్వం క్షయతో చెడిన కీళ్ళకు దీనిని ఎక్కువగా చేసేవారు. నేడు కృత్రిమ కీలు అమర్చిన తరువాత చీము పట్టి, ఎన్ని విధాల శుభ్రపరచినా తగ్గని వారికి ముఖ్యంగా సూచిస్తున్నారు. వృద్ధాప్యపు అరుగుదలకు సాధారణంగా ఇది అవసరముండదు.

లాభనష్టములు

నొప్పి పోతుంది. కాలు శరీరభారం మోస్తుంది. కాలు తొలగించవలసిన దుస్థితి పలువురికి తప్పుతుంది. అయితే మోకాలు ఇక జన్మలో వంగదు. కాలు కొంత పొట్టి అవుతుంది గనుక చెప్పు అడుగున ఎత్తు వేయించుకోవాలి. మఠం వేసుకొని భోజనానికి కూర్చొనలేరు. ఇంట కుర్చీవంటి మరుగుదొడ్డి కావాలి. బస్సులో కాలు చాచుకునే చోటు చూసుకోవాలి. నడుముపై, తుంటిపై భారం పెరుగుతుంది. అంగీకరించే ముందు, వైద్యుని అనుమతితో కొద్ది రోజులు కాలు వంగకుండా కట్టు వేయించుకొని ఇంటిలో తిరిగి చూడడం మంచిది.

గృహస్థులకు సూచనలు

మోకాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం ఉన్నచో మర్దనం, కాపడం, నాటుకట్టు చేయరాదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. చీము కొద్ది రోజులలోనే కీలును తినివేయగలదు. వాపు వారాల తరబడి ఉండి, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గుట కనిపిస్తే క్షయ పరీక్ష చేయించాలి. క్షయ మందులు ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. బాధ తగ్గినదని మధ్యలో మానరాదు.

ఆపరేషను తరువాత మధుమేహమును అదుపులో ఉంచాలి. చుట్ట, సిగరెట్టు పూర్తిగా మానాలి. పొగ ఎముక అతుకును ఆలస్యం చేస్తుంది. పాలు, రాగులు, నువ్వులు, మినుములు ఆహారంలో ఉండాలి. అస్థిసంహారమని పేరుగల నల్లేరు లేత కాడలను, దురద పెట్టకుండా చేతికి నూనె రాసుకొని నార తీసి, వేయించి, చింతపండుతో పచ్చడి చేసుకోవచ్చు. అది పథ్యాహారమే గాని శస్త్రచికిత్సకు బదులు కాదు.

నా వద్దకు వచ్చిన ఆ కార్మికుడు మరల చెట్టెక్కలేదు. నిలబడి కొబ్బరికాయలు ఒలిచే పనిలో చేరి, పిల్లలను చదివించుకున్నాడు. నాటి నుండి మోకాలు వాచి వచ్చిన ప్రతివారినీ ముందుగా జ్వరం గురించి అడుగుతున్నాను. తైలం సంగతి ఆ తరువాతనే.