ఒకపూట వేణ్ణీళ్లు, ఒకపూట చన్నీళ్లు

ధనుర్మాసం చలి మొదలయ్యాక రాజమండ్రి, భీమవరం, అమలాపురం ఇళ్లలో వినపడే ఫిర్యాదు ఇది: గీజరు నిన్న బాగానే ఉంది, ఇవాళ నీళ్లు కాగలేదు, తీరా ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేసరికి మళ్లీ కాగుతున్నాయి. పూర్తిగా చెడిపోయిన గీజరును బాగుచేయడం తేలిక. ఒకపూట పనిచేసి ఒకపూట మొరాయించేదానితోనే చిక్కు. ముందు థర్మోస్టాట్ మారుస్తారు, తర్వాత కాయిల్ మారుస్తారు, చివరికి గీజరే మార్చేస్తారు. లోపం మాత్రం గోడలోని ప్లగ్గులోనో, స్నానాలగది కుళాయిలోనో అలాగే ఉండిపోతుంది.

అందుకే విడిభాగం కొనేముందు ఓ వారం పాటు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోవాలి. నీళ్లు ఏ వేళప్పుడు కాగలేదు? ఏ కుళాయిలో చల్లగా వచ్చాయి? అప్పుడు గీజరు మీద లైటు వెలుగుతోందా? ఆ పూట ట్యాంకులోకి ఎక్కినవి బోరు నీళ్లా, మున్సిపల్ నీళ్లా?

పొద్దున్నే అందరూ స్నానాలకు లేచే వేళలోనే ఇబ్బంది వస్తుంటే ముందుగా ఓల్టేజీని అనుమానించాలి. 2000 వాట్ల గీజరు 230 ఓల్టుల దగ్గర 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. ఓల్టేజీ 190కి పడితే అదే పనికి 27 నిమిషాలు కావాలి. ఓల్టేజీ తగ్గిన దానికంటే ఎక్కువ వంతున వేడి తగ్గిపోతుంది. అలవాటుగా పావుగంటకే స్విచ్ కట్టేసేవారికి గోరువెచ్చని నీళ్లే దక్కుతాయి. ఇలాంటప్పుడు మెకానిక్‌ను కాదు, 1912కు ఫోన్ చేసి కరెంటు ఆఫీసును పిలవాలి.

వేళతో పని లేకుండా ఆగి ఆగి పనిచేస్తుంటే ప్లగ్గు చూడాలి. ఈ గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది కాబట్టి దానికి 16 ఆంపియర్ల సాకెట్టు తప్పనిసరి. లోపల స్క్రూ వదులైతే ఆ చోటు వేడెక్కి కనెక్షన్ తెగుతుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. ప్లగ్గు పిన్ను నల్లబడినా, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపాలి.

గీజరులో నీళ్లు కాగుతున్నాయి, కుళాయిలో మాత్రం చల్లగా వస్తున్నాయి అంటే చూడాల్సింది ప్లంబింగు. గీజరు స్విచ్ ఆపి, అందులోకి చన్నీళ్లు వెళ్లే వాల్వు కట్టేసి, వేడి కుళాయి తిప్పాలి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తోందంటే ఏదో ఒక మిక్సర్ కుళాయిలో వాషరు అరిగి చన్నీళ్లు వేడి లైనులోకి దూరుతున్నట్టే. పైసా ఖర్చు లేని ఈ పరీక్షతో ఎన్నో గీజర్లు అనవసరపు రిపేరు తప్పించుకుంటాయి.

ఇవేవీ కాకపోతే అసలు సంగతి నీళ్లలో ఉంటుంది. గోదావరి నీళ్లు వచ్చే వీధికీ, బోరు మీద ఆధారపడిన వీధికీ గీజరు ఆయుష్షులో తేడా ఉంటుంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగలగానే గారగా మారి కాయిల్‌కు అంటుకుంటాయి. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 600 దాకా అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతాయి. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లు వాడిన గీజరు విప్పితే కాయిల్ చుట్టూ తెల్లటి పొర పాతగోడ సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడివస్తుంది. ఆ పొర వల్ల కాయిల్ వేడి నీళ్లకు చేరదు. కాయిల్ దగ్గరి వేడికే, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటాఫ్ పడిపోతుంది, చల్లారాక కొన్ని మోడళ్లలో దానంతటదే కలుస్తుంది. ఒకపూట ఉండి ఒకపూట లేని వేడికి ఇదీ ఒక కారణమే. నరసాపురం, రాజోలు వైపు సముద్రతీరపు ఉప్పునీళ్లయితే గార కంటే తుప్పు బాధ ఎక్కువ. తుప్పు గీజరు ట్యాంకును తినేయకుండా తాను కరిగిపోయే మెగ్నీషియం కడ్డీ అక్కడ త్వరగా అరిగిపోతుంది.

కోనసీమ పెరళ్లలో రాగి బాయిలర్లు ఉన్న రోజుల్లో ఇంటి ఆడవాళ్లు కారణం వెతికే ఈ పరిశోధన రోజూ చేసేవారు. నడిమి గొట్టంలో వేసిన కొబ్బరి డొక్కలు సరిగా మండకపోతే ముందు కిందనున్న చువ్వల మధ్య బూడిద దులిపి గాలి ఆడేలా చేసేవారు. బాయిలర్ జోలికి వెళ్లేది ఆ తర్వాతే.

ఇంగ్లండులో స్థిరపడిన గోదావరి పిల్లల ఇళ్లలో గదులకూ కుళాయికీ ఒకే గ్యాస్ బాయిలర్ వేడినిస్తుంది. అక్కడా ఇదే పద్ధతి. కుళాయిలో వేడి వచ్చి గదులు చల్లగా ఉంటే దారి మళ్లించే వాల్వును, బాయిలరే ఆగిపోతుంటే ప్రెషర్ ముల్లు 1 బార్ కంటే దిగిందేమో చూస్తారు. గ్యాస్ భాగాన్ని మాత్రం గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న ఇంజినీరే ముట్టుకోవాలి. అక్కడ అది చట్టం.

ఇక్కడ అలాంటి జాగ్రత్త కరెంటు దగ్గర కావాలి. గీజరు వేసిన కాసేపటికి ట్రిప్ పడుతుంటే కాయిల్‌లో సన్నటి పగులు ఉండవచ్చు. అది వేడెక్కినప్పుడే కరెంటు లీకు చేస్తుంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ట్రిప్పర్ తీసేసి నేరుగా వైరు కలిపితే తడి చేతుల మీదికి ప్రాణాపాయం తెచ్చుకున్నట్టే. మెకానిక్ వచ్చినప్పుడు రాసుకున్న కాగితం చేతికివ్వాలి. మెయిన్ ఆపించి, కాయిల్ వేడిగా ఉండగానే లీకు పరీక్ష చేయించాలి. 2000 వాట్ల కాయిల్ మీటరు మీద 26 ఓములకు అటూఇటూగా చూపించాలి. మూత బిగించేముందు మెగ్నీషియం కడ్డీ ఎంత మిగిలిందో, ఎర్తింగు వైరు గట్టిగా ఉందో లేదో ఇంటివాళ్లు స్వయంగా చూసుకోవాలి.