కోత చిన్నదే, వాపే మొండిది

వృషణం పక్కన ఏర్పడిన నీటితిత్తిని తీయడమైనా, వరిబీజం ఆపరేషనైనా సాధారణంగా గంటలోపే ముగిసిపోతుంది. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి చేరతారు. దాంతో కోలుకోవడమూ అంతే తేలికని రోగీ, ఇంటివాళ్లూ లెక్కవేసుకుంటారు. మూడో రోజుకి ఆ చోటు కమిలి, నల్లబడి, ఒక్కోసారి ఆపరేషన్‌కి ముందున్నంత లావుగా కనబడేసరికి మళ్లీ నీరు చేరిందని హడలిపోతారు. ముందటి ధీమాకీ తర్వాతి భయానికీ కారణం ఒక్కటే: ఆ అవయవం ఎలా ఉంటుందో ఎవరూ విడమరిచి చెప్పకపోవడం.

కాలికో చేతికో కోత పడితే కట్టు బిగించి కట్టొచ్చు. లోపల గట్టి కండ, ఎముక ఉంటాయి కనుక ఆ ఒత్తిడికి నెత్తురు ఊరడం ఆగుతుంది. వృషణాల సంచికి ఆ ఆసరా లేదు. చర్మం పలచన, వదులు. కింద కొవ్వు పొర కూడా ఉండదు. సన్నటి రక్తనాళం ఒకటి ఊరినా అడ్డుకునేదేమీ లేక నెత్తురు లోపలే చేరుతుంది. పైగా వేలాడే అవయవం కాబట్టి ఊరిందంతా అడుగుకే దిగుతుంది. వరిబీజంలోనైతే నీరు ఊరే పొరను కత్తిరించో, వెనక్కి తిప్పి కుట్టో వదిలేస్తారు. ఆ పొరా కొన్నాళ్లు వాచి దళసరిగా తగులుతుంది. అందుకే ఇక్కడ మందుబిళ్లలతో పాటు ఆసరా కూడా వైద్యమే. ఒంటికి హత్తుకుని పైకి పట్టి ఉంచే లోదుస్తు, పడుకున్నప్పుడు కింద మడతపెట్టిన తుండు, మొదటి రెండు రోజులు గుడ్డలో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాల చొప్పున. వస్తాదుల లంగోటీని చూసి నవ్వుకుంటాం గానీ, అది చేసే పని సరిగ్గా ఇదే.

అలాగని మంచం దిగకూడదని కాదు. ఇంట్లో మెల్లగా తిరగాలి, లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. బరువులెత్తడం, సైకిలు, బైకు, దాంపత్యం మాత్రం కొన్ని వారాలు ఆగాలి. ఎన్నాళ్లన్నది గాయాన్ని చూసి డాక్టరు చెబుతారు. ముక్కాల్సి రాకుండా నీళ్లు, పీచున్న కూరలు తీసుకోవాలి. పప్పు తింటే చీము పడుతుందన్న పథ్యానికి ఆధారం లేదు, గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి.

రోజుకూలీ అడిగే ప్రశ్నకు మాత్రం ఇంత సులువుగా జవాబు చెప్పలేం: వారాల తరబడి కూర్చుంటే పూట గడిచేదెలా? దోమకాటుతో వచ్చే ఫైలేరియా మగవాళ్లలో వరిబీజానికి దారితీస్తుంది, అది ఎక్కువగా కాటేసేది పేదల్నే. ప్రభుత్వం పంచే డీఈసీ మాత్రలు వ్యాధి వ్యాపించకుండా ఆపడానికి; అప్పటికే పెరిగిన వరిబీజాన్ని అవి సాధారణంగా కరిగించలేవు. సూదితో నీరు తీయించుకుంటే మర్నాడే పనికి పోవచ్చు, కానీ నీరు మళ్లీ చేరుతుంది, చీము పట్టే అవకాశమూ ఉంది. తొందరపడి మూట ఎత్తిన మనిషికి లోపల నెత్తురు గడ్డకడితే ఒక్కోసారి మళ్లీ కోయాలి, పోయే కూలి రెట్టింపవుతుంది. అయితే ఇది సాధారణంగా ఆదరాబాదరాగా చేయాల్సిన ఆపరేషన్ కాదు. పనులు తక్కువగా ఉండే నెల చూసుకుని చేయించుకోవచ్చు. నొప్పిలేని చిన్న తిత్తయితే, స్కానింగ్‌లో అది తిత్తేనని తేలాక అసలు ముట్టుకోకపోవడమే మేలు. బిడ్డలు కావాలనుకునే కుర్రవాడికి ఇది మరీ ముఖ్యం, తిత్తి తీసేటప్పుడు ఆ వైపు వీర్యకణాలు నడిచే సన్నటి గొట్టం దెబ్బతినవచ్చు.

వాపు పూర్తిగా దిగడానికి వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. రోజురోజుకీ కాస్తయినా తగ్గుతోందంటే కంగారు అక్కర్లేదు. గంటగంటకీ బిగుసుకుంటూ పెరిగినా, చలిజ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా, మూత్రం రాకుండా ఆగిపోయినా తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి.