మైక్రోకంట్రోలర్ బోర్డుకు 5 వోల్టుల సరఫరా: కలిపే ముందు చేయాల్సిన పరీక్షలు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులు ఇచ్చే వలయాన్ని దశలవారీగా పరీక్షించగలుగుతారు.
- మీటరు 5 వోల్టులు చూపినంత మాత్రాన సరఫరా బాగున్నట్లు ఎందుకు కాదో లెక్కతో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మద్నూర్‌లో ఒక పత్తి చేనులో నేల తేమను కొలిచి, అవసరమైనప్పుడు రిలే ద్వారా మోటారు స్టార్టరుకు సంకేతం ఇచ్చే పరికరం పెట్టాలనుకుందాం. అందులో ఆర్డ్యూయినో ఊనో బోర్డు, తేమ సెన్సరు, 5 వోల్టుల రిలే ఉన్నాయి. సౌర పలకతో ఛార్జి అయ్యే 12 వోల్టుల బ్యాటరీయే ఆధారం. ఊనోలోని ఏటిమెగా328పి చిప్ 6 వోల్టులకు మించి భరించలేదు. వోల్టేజి తగ్గితే బోర్డు మధ్యలో రీసెట్ అవుతుంది, తడి అందాల్సిన వేళ మోటారు ఆగిపోతుంది. కాబట్టి సరఫరాను ముందు విడిగా పరీక్షించాలి.

బ్యాటరీ పేరుకు 12 వోల్టులే. నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్నప్పుడు సుమారు 12.7, ఛార్జి అవుతున్నప్పుడు 14.4 వోల్టుల వరకు ఉంటుంది. లెక్క ఎప్పుడూ పై విలువతోనే వేయాలి.

2. పరీక్షల క్రమం

మొదటి పరీక్ష: బ్యాటరీ కలపకుండా, మీటరును నిరోధం కొలిచే స్థానంలో ఉంచి, సరఫరా ప్లస్, మైనస్‌ల మధ్య చూడండి. నిరోధం దాదాపు సున్నా అయితే ఎక్కడో షార్టు ఉంది. తక్కువ వోల్టేజి కదా అని అలక్ష్యం చేయకండి. షార్టయిన బ్యాటరీ పదుల ఆంపియర్లను పంపి వైరును కాల్చగలదు. ప్లస్ వైరులో, బ్యాటరీకి దగ్గరగా, 1 ఆంపియర్ ఫ్యూజు తప్పక ఉంచండి.

రెండవ పరీక్ష: బోర్డు లేకుండా బ్యాటరీ కలిపి, ధ్రువాలు సరిగా ఉన్నాయో, అవుట్‌పుట్ 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉందో చూడండి. స్క్రూ తిప్పి వోల్టేజిని మార్చుకునే మాడ్యూలు వాడితే, దాన్ని ఈ దశలోనే 5 వోల్టులకు సరిచేయాలి.

మూడవ పరీక్ష: అవుట్‌పుట్‌కు 22 ఓమ్‌ల, 5 వాట్ల నిరోధకాన్ని లోడుగా కలపండి. ఓమ్ నియమం ప్రకారం 5 ÷ 22 = 0.227 ఆంపియర్, అంటే 227 మిల్లీఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. పావుగంట ఉంచి, మధ్య మధ్యలో వోల్టేజి చూడండి. నిరోధకం వేడెక్కుతుంది, చేత్తో తాకవద్దు.

3. లోడు పరీక్ష ఎందుకు ముఖ్యం?

చాలామంది వాడే 7805 రెగ్యులేటరు మిగులు వోల్టేజిని వేడిగా మారుస్తుంది. బ్యాటరీ 14.4 వోల్టుల వద్ద ఉంటే, వేడిగా పోయే సామర్థ్యం:

(14.4 − 5) × 0.227 = సుమారు 2.1 వాట్లు.

హీట్‌సింకు లేని 7805లో ప్రతి వాటుకూ లోపలి ఉష్ణోగ్రత సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. అంటే పెరుగుదలే దాదాపు 137 డిగ్రీలు. దానికి 42 డిగ్రీల ఎండను కలిపితే 179 అవుతుంది. కానీ దాని పరిమితి 125 డిగ్రీలే. అంత వేడికి చేరకముందే అందులోని రక్షణ వలయం అవుట్‌పుట్‌ను తగ్గిస్తుంది. లోడు లేనప్పుడు ఇదే రెగ్యులేటరు మీటరుపై చక్కగా 5.0 చూపుతుంది. రెండవ పరీక్షతో ఆగిపోతే లోపం చేనులోకి వెళ్ళాకే బయటపడుతుంది.

ఇక్కడ ఎల్‌ఎం2596 వంటి బక్ కన్వర్టరు మేలు. దాని దక్షత సుమారు 80 శాతం. ఇదే లోడుకు వేడిగా పోయేది 0.3 వాటు మాత్రమే.

4. బోర్డును కలపడం

మూడు పరీక్షలూ నెగ్గాకే సరఫరాను బోర్డులోని 5 వోల్టుల పిన్నుకు, గ్రౌండుకు కలపండి. ఈ పిన్ను బోర్డులోని రెగ్యులేటరును దాటి నేరుగా చిప్‌కు వెళ్తుంది. అందువల్ల అదే సమయంలో యూఎస్‌బీ కేబులు కలపవద్దు.

రిలేను పలుమార్లు ఆన్, ఆఫ్ చేసి బోర్డు రీసెట్ అవుతుందేమో గమనించండి. మామూలు మల్టీమీటరు క్షణకాలపు తగ్గుదలను పట్టుకోలేదు. రీసెట్ అయితే 5 వోల్టుల లైనులో 470 మైక్రోఫారడ్ల కెపాసిటరును ధ్రువాలు చూసి కలపండి.

కరెంటు కొలిచేటప్పుడు మీటరును శ్రేణిలోనే ఉంచాలి. ఆంపియర్ స్థానంలో ఉన్న మీటరును బ్యాటరీ రెండు కొనలకూ తాకిస్తే అది షార్టే. స్టార్టరులోని 415 వోల్టుల వైపు పని మాత్రం అర్హుడైన ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

5. మీ ప్రగతిని పరీక్షించుకోండి

ప్రశ్న: బ్యాటరీ 12 వోల్టులు, లోడు 100 మిల్లీఆంపియర్లు, పరిసర ఉష్ణోగ్రత 42 డిగ్రీలు. హీట్‌సింకు లేని 7805 తట్టుకుంటుందా?

జవాబు: (12 − 5) × 0.1 = 0.7 వాటు. పెరుగుదల 0.7 × 65 = 45.5 డిగ్రీలు. మొత్తం 87.5 డిగ్రీలు, కాబట్టి తట్టుకుంటుంది. ఇదే లెక్కను 14.4 వోల్టులకు, ఎండలో ఉంచిన మూసిన పెట్టెలో 60 డిగ్రీల వేడికి మీరే వేసి చూడండి. పరిమితికి ఎంత దగ్గరగా వచ్చారో తెలుస్తుంది.